మట్టిలో కలిసిపోతుందట! ఎవరి మట్టిలో?

మొన్న ఎండాకాలంలో మా పెంటదిబ్బ తవ్వి ఎరువు చేనికి తోలించాం. కూలీలు గంపలకెత్తుతుంటే మా అత్త పక్కన నిలబడి చూస్తా ఉంది. ఉన్నట్టుండి వంగి, ఎరువులోంచి ఒక కవర్ బయటికి లాగింది. దులిపింది. నా దగ్గరికి తెచ్చి పట్టుకుంది.

"ఏమ్మా, ఇది మట్టిలో కలిసిపోతాదంటివి గదా. యాడ కలిసింది? దీని మీద ఆకుబొమ్మ కూడా చెరగలేదే!"

ఆ కవర్ నాకు బాగా తెలుసు. కొన్నది నేనే.

అంతకు ముందు సంవత్సరం మాఘమాసంలో మా చిన్నోడి పుట్టువెంట్రుకలు మహానందిలో తీయించి, ఇంటి దగ్గర భోజనాలు పెట్టాం. మాది బండి ఆత్మకూరు. మహానంది దగ్గరే, నంద్యాలా దగ్గరే, కాబట్టి రావాల్సిన వాళ్లంతా వచ్చారు. తాంబూలాలకి మూడు వందల కవర్లు కావాల్సి వచ్చింది. నంద్యాలలో ఒక అంగట్లో మామూలు కవర్లు వద్దని, ఆకుపచ్చ అక్షరాలతో "బయోడిగ్రేడబుల్" అని రాసి ఉన్నవి అడిగి మరీ తెచ్చాను. ధర రెట్టింపు. మా ఆయన గొణిగితే "పిల్లోడి పేరు మీద చేసే పనికి భూమిని పాడు చేస్తామా?" అన్నాను. వచ్చిన ప్రతి వదినకీ, ప్రతి చిన్నమ్మకీ తాంబూలం చేతిలో పెడుతూ పాఠం చెప్పాను. "ఇది పారేసినా ఏం కాదు, మట్టిలో కలిసిపోతుంది. పశువు తిన్నా ఏం కాదంట."

ఆ రెండో మాట ఎవరు చెప్పారో కూడా నాకు తెలియదు. అంగడాయన అన్నాడో, ఎక్కడన్నా చదివానో. అన్నాను, అంతే.

మిగిలిన కవర్లు, తొక్కలు, ఎంగిలి అన్నీ దిబ్బ మీద పడ్డాయి. ఆ చైత్రంలో మా ఎర్రావు మేత మానేసింది. నెమరు లేదు. పశువుల డాక్టర్ వచ్చి ఎడమ డొక్క నొక్కి చూసి, "లోపల కవర్లు పేరుకున్నట్టున్నాయమ్మా" అన్నాడు. మూడో రోజు పోయింది. నా కవర్ తిని పోయిందా, వీధిలో ఎవరో పారేసిన మామూలు కవర్ తిని పోయిందా నేను చెప్పలేను. కానీ "పశువు తిన్నా ఏం కాదు" అని మూడు వందల మందికి చెప్పింది మాత్రం నేనే. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం.

అక్కయ్యలూ, చెల్లెళ్లూ, ఆ అంగట్లో నాకు అమ్మింది సగం వాక్యం. "మట్టిలో కలిసిపోతుంది" అంటారు. ఏ మట్టిలో? ఎంత వేడిలో? ఎంత తడిలో? ఎన్నాళ్లకి? ఆ సగం చెప్పరు. మనం అడగం.

ఇడ్లీ పిండి సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? వైశాఖంలో మధ్యాహ్నం రుబ్బిన పిండి సాయంత్రానికే గిన్నె దాటి పొంగుతుంది. అదే పిండి పుష్యమాసంలో తెల్లార్లూ ఉంచినా కదలదు. ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులైనా అట్లాగే ఉంటుంది. పిండి అదే, గిన్నె అదే. మారింది వేడి. ఎందుకంటే పిండిని పులియబెట్టేది మనం కాదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటికి వేడి కావాలి, తడి కావాలి. కవర్‌ని తినాల్సింది కూడా అలాంటి సూక్ష్మజీవులే. వాటికీ వాటి వంటిల్లు కావాలి. ఆ వంటిల్లు మన ఊళ్లో ఉందా లేదా అన్నది కవర్ మీద రాయరు.

కవర్ అసలు ఎట్లా కరుగుతుందో చూద్దాం. నిజమైన కంపోస్టబుల్ కవర్లలో ఎక్కువగా వాడేవి మొక్కజొన్న పిండి, పీఎల్ఏ, పీబీఏటీ అనే పదార్థాలు. పీఎల్ఏ, పీబీఏటీ పొడవాటి గొలుసుల్లాంటివి. ముందు నీరు, సూక్ష్మజీవులు వదిలే ఎంజైములు ఆ గొలుసుని ముక్కలుగా తెంపాలి. ముక్కలు బాగా చిన్నవయ్యాక సూక్ష్మజీవులు వాటిని లోపలికి తీసుకుని తింటాయి. చివరికి బొగ్గుపులుసు వాయువు, నీరు, ఆ జీవుల ఒళ్లు మిగులుతాయి. అంతా సవ్యంగా జరిగితే చాలా మంచి పనే. కానీ పీఎల్ఏ గొలుసు దాదాపు 60 డిగ్రీల దగ్గర కానీ మెత్తబడి లొంగదు. అంతకంటే చల్లగా ఉన్న చోట ఆ తెగడం చాలా నెమ్మది.

అందుకే మన దేశంలో ఈ కవర్లకు పెట్టిన ప్రమాణం, ఐఎస్/ఐఎస్ఓ 17088, ఫ్యాక్టరీ తరహా కంపోస్టు కుప్పను దృష్టిలో పెట్టుకుని రాసింది. 58 డిగ్రీల దగ్గర వేడి, సరిపడా తడి, గాలి ఉన్న కుప్ప అది. అందులో 12 వారాల్లో కవర్ చిన్న ముక్కలైపోవాలి, రెండు మిల్లీమీటర్ల జల్లెడలో పదో వంతుకు మించి మిగలకూడదు. ఆరు నెలల్లో దానిలోని కర్బనం 90 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారాలి. ఈ పరీక్ష నెగ్గితే కంపోస్టబుల్. పరీక్ష నిజమైనదే. కానీ అది ఆ కుప్పకి పెట్టిన పరీక్ష. మన పెరటికి, మన కాలువకి, మన ఆవు కడుపుకి పెట్టిన పరీక్ష కాదు.

"నంద్యాల ఎండల్లో వేడికి కొదవా?" అంటుంది మా వదిన. ఎండ ఉన్నప్పుడు మన నల్లరేగడి నేల బీటలు వారి ఉంటుంది, తడి ఉండదు. వానలు పడి తడి వచ్చేసరికి వేడి తగ్గుతుంది. 58 డిగ్రీలూ తడీ రెండూ ఒకేసారి నెలల తరబడి నిలబడేది బాగా పేర్చి, తడిపి, తిరగేసే పెద్ద కుప్పలో మాత్రమే. మా దిబ్బని ఎవరు తిరగేస్తారు? రోజూ పేడగంప తెచ్చి పైన వేస్తాం, అంతే. పైన ఎండుతుంది, అడుగున గాలి ఆడదు.

పంచాయతీ వాళ్లు చెత్త తీసుకుపోతారు కదా, అక్కడ ఎరువు చేస్తారు కదా అనకండి. చాలా పంచాయతీల్లో చేసేది వానపాముల ఎరువు. వానపాములు 35 డిగ్రీలు దాటితే బతకవు. అందుకే ఆ తొట్లని నీడలో, చల్లగా ఉంచుతారు. మన కవర్‌కి 58 డిగ్రీలు కావాలి, వానపాముకి 35 దాటకూడదు. ఇద్దరినీ ఒకే తొట్టిలో కాపురం పెట్టమంటే ఎట్లా?

ఇంగ్లండ్‌లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ ప్రశ్ననే వేసుకుని, రకరకాల కవర్లను మట్టిలో పూడ్చి, సముద్రంలో ముంచి, గాలికి వేలాడదీసి మూడేళ్లు చూశారు. 2019లో ఫలితాలు అచ్చువేశారు. బయోడిగ్రేడబుల్ అని పేరున్న కవర్ మూడేళ్ల తర్వాత కూడా మట్టిలోంచి, సముద్రంలోంచి బయటికి తీస్తే సరుకులు మోసింది. కంపోస్టబుల్ కవర్ సముద్రంలో మూడు నెలల్లో కనిపించకుండా పోయింది కానీ, మట్టిలో 27 నెలల తర్వాత కూడా ఉంది. బరువు పెడితే మాత్రం చిరిగింది. మా అత్త పెంటదిబ్బలో చూపించినది నాకు అంత వింతగా ఎందుకనిపించలేదో ఇది చదివాక అర్థమైంది.

ఇంకో తిరకాసు ఉంది. "బయో" అన్న పేరు కింద అన్నీ ఒకటి కావు. మామూలు ప్లాస్టిక్‌లోనే కొన్ని లోహపు లవణాలు కలిపి, ఎండకి త్వరగా పొడిపొడి అయ్యేట్టు చేసేది ఒకటి. దాన్ని ఆక్సో డిగ్రేడబుల్ అంటారు. కళ్ల ముందు నుంచి పోతుంది, భూమి మీద నుంచి పోదు. కనిపించే కవర్ కనిపించని తునకలవుతుంది, అంతే. యూరప్ దేశాలు 2019లో చట్టం చేసి, 2021 జూలై నుంచి ఇలాంటి సరుకుని అమ్మనివ్వడం లేదు. మామూలు ప్లాస్టిక్‌లో పిండి కలిపేది ఇంకొకటి. పిండిని జీవులు తినేస్తాయి, ప్లాస్టిక్ జల్లెడలా మిగులుతుంది. మూడోది నిజమైన కంపోస్టబుల్. ఈ మూడింటి మీదా ఆకుబొమ్మ ఒక్కటే.

"మొక్కజొన్నతో చేశారమ్మా, తినే వస్తువే కదా" అంటారు. ఇది ఇంకా పెద్ద మాయ. పుట్టుక వేరు, చావు వేరు. బ్రెజిల్‌లో చెరకు నుంచి పాలిథీన్ తయారుచేస్తున్నారు. పుట్టింది చెరకు తోటలోనే. అయినా మన మామూలు కవర్‌లాగే భూమిలో పడి ఉంటుంది. పీబీఏటీ ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చేదే, కానీ తగిన చోట దాన్ని సూక్ష్మజీవులు తింటాయి. ఏ మొక్క నుంచి వచ్చిందన్నది కాదు, ఏ చోట, ఎట్లా పోతుందన్నదే చూడాలి.

తిరుమల సంగతి చెప్పకుండా ఈ మాట ముగియదు. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూలకు పర్యావరణహిత సంచుల కౌంటర్ మొదలుపెట్టారు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల తయారుచేసిన సంచులవి. అప్పటి డీఆర్‌డీఓ చైర్మన్ జి. సతీష్‌రెడ్డి గారే ప్రారంభించారు. 90 రోజుల్లో కరిగిపోతాయని, పశువులు తిన్నా హాని లేదని అప్పుడు చెప్పారు. నేను నంద్యాలలో కొన్నది ఆ సంచి కాదు, దీన్ని దానితో కలపడం లేదు. మన శాస్త్రవేత్తలు ఆ పని చేశారంటే నాకూ గర్వమే. కొండ మీద చెత్త పోగుచేసే ఏర్పాటు ఉంటుంది, కాబట్టి అక్కడ దానికొక అర్థం ఉంది.

కానీ లడ్డూ కొండ మీద ఉండదు కదా. అది బస్సెక్కి బండి ఆత్మకూరు వస్తుంది, ఆళ్లగడ్డ వస్తుంది, అమెరికా కూడా పోతుంది. ప్రసాదం పంచాక ఆ సంచి ఎక్కడ పడుతుంది? కొందరు కాలుస్తారు. కొందరు దిబ్బ మీద వేస్తారు. కొందరు కాలువలో వదులుతారు. సంచిలో సత్తా ఉంటే సరిపోదు, అది చేరే చోటుకీ సత్తా ఉండాలి. పైగా అక్కడ ఒక సంచి గురించి చెప్పిన మాటని, ఇక్కడ అంగట్లో వేలాడే ప్రతి పచ్చ కవర్‌కీ మనమే అంటగట్టాం. "పశువు తిన్నా ఏం కాదంట" అన్న నా మాట అట్లా పుట్టిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆవు కడుపు గురించి మన రాయలసీమ వాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పుట్టపర్తిలో కరుణా సొసైటీ అనే సంస్థ వాళ్లు ఆవులకి ఆపరేషన్లు చేసి కడుపులోంచి కవర్ల ముద్దలు తీశారు. దాని మీద 2012లో "ప్లాస్టిక్ కౌ" అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. ఆ ఏడాదే ప్లాస్టిక్ కవర్ల మీద సుప్రీంకోర్టుకీ వెళ్లారు. ఆ దృశ్యాలు చూశాక అన్నం సహించదు. ఆవు కవర్‌ని కవర్ కోసం తినదు. అందులో మనం ముడేసి పారేసిన అన్నం కోసం, తొక్కల కోసం తింటుంది. 90 రోజుల్లో కరిగేదైనా, రోజుకొకటి మింగే ఆవుకి అదేం ఊరట?

ఇప్పుడు మా వదిన వాదన. ఆమె తెలివైన మనిషి, ఊరికే అనదు. "మామూలు కవర్ వందల ఏళ్లుంటుంది. ఇది రెండేళ్లుంటే మేలే కదా? నువ్వు ఇట్లా రాస్తే జనం మళ్లీ పాత కవర్లకే పోతారు." న్యాయమైన ప్రశ్నే. నిజమైన కంపోస్టబుల్ కవర్, దానికి తగిన కుప్పకి చేరితే తప్పకుండా మేలే. పొలాల్లో పరిచే మల్చింగ్ షీట్లే చూడండి. మామూలు షీటు పంట అయ్యాక పూర్తిగా ఏరలేం, తునకలు నేలలోనే ఉండిపోతాయి. మట్టిలోనే కరిగేట్టు చేసిన షీట్లకి యూరప్‌లో వేరే ప్రమాణం ఉంది. మామూలు నేల వేడిలోనే రెండేళ్లలో 90 శాతం కరగాలని. అక్కడ ఆ వస్తువుకి పని ఉంది, ఎందుకంటే అది ఎక్కడ పడుతుందో ముందే తెలుసు. చేనిలోనే.

తాంబూలం కవర్ ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు? శివరాత్రికి మహానందికి, కార్తీకంలో ఓంకారానికి వచ్చే జనాన్ని చూడండి. గాలికి లేచిన కవర్ ముళ్లకంపకి చిక్కుతుంది, వాగులో పడుతుంది. వాగు కుందూలోకి, కుందూ పెన్నలోకి, పెన్న సముద్రంలోకి. దారి పొడవునా 58 డిగ్రీల కుప్ప ఎక్కడా లేదు.

అసలు నష్టం కవర్‌లో కంటే ఆ మాటలో ఉంది వదినా. మామూలు కవర్ చేతిలో ఉంటే పారేసేటప్పుడు కాస్తన్నా జంకుతాం. "బయో" అని రాసుంటే ఆ జంకు పోతుంది. నేను మూడు వందల మందికి చేసింది అదే. మీరు దర్జాగా పారేయండి అని చెప్పి పంపాను.

చట్టం ఊరుకోలేదు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాల లాంటివి దేశమంతా నిషేధించారు. ఆ ఏడాది చివరి నుంచి ప్లాస్టిక్ క్యారీ కవర్ 120 మైక్రాన్లకంటే పల్చగా ఉండకూడదన్నారు. కానీ ఆ మందం నియమం నుంచి కంపోస్టబుల్ కవర్లకి మినహాయింపు ఉంది. ఆలోచించండి. పల్చటి కవర్ అమ్ముకోవాలనుకునే వాడికి ఇంతకంటే సులువైన తలుపు ఉంటుందా? ఒక ఆకుబొమ్మ, ఒక పచ్చ అక్షరం చాలు. 2024 మార్చిలో నియమాలు మళ్లీ సవరించి, బయోడిగ్రేడబుల్ అనాలంటే మైక్రోప్లాస్టిక్ తునకలు మిగలకూడదని రాశారు. కాగితం మీద మంచి మాట. దాన్ని అంగట్లో అడగాల్సింది మనమే.

అడగడం కష్టమేం కాదు. నిజమైన కంపోస్టబుల్ కవర్ మీద ఆ మాట, తయారుచేసిన వాళ్ల పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ వివరం ఉండాలి. "ఈకో ఫ్రెండ్లీ", "భూమికి నేస్తం", "వంద శాతం బయో" అన్న పొగడ్తలు సర్టిఫికెట్ కావు. అవి ఉన్నా కూడా అంగడాయన్ని మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ కరుగుతుంది? ఎన్నాళ్లకి కరుగుతుంది? కరిగాక ఏం మిగులుతుంది? జవాబు రాకపోతే అది ఉత్త కవరే. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూసి, రంగు పోతుందా అని పదిసార్లు అడిగే వాళ్లం. పాతిక రూపాయల వంకాయలు ఒక్కోటి తిప్పి ఏరే వాళ్లం. ఇక్కడెందుకు నోరు మూసుకోవాలి?

ఇంకో మాట. ఈ "బయో" సరుకంతా ఎవరికి అమ్ముతున్నారో గమనించారా? మనకే. ఇంట్లో చెత్త ఎత్తేది మనం, తడి పొడి వేరు చేసేది మనం, భూమి పాడైపోతోందని పిల్లల ముందు తప్పు చేసినట్టు నిలబడేది మనం. ఆ తప్పు చేశామన్న బాధకి మందుగా ఒక పచ్చ కవర్ రెట్టింపు ధరకి అమ్ముతారు. నేను కొన్నది కవర్ కాదు, కాస్త మనశ్శాంతి. అది పదిహేను నెలల తర్వాత ఆకుబొమ్మతో సహా పెంటదిబ్బలోంచి బయటికొచ్చింది.

కల్యాణమండపాల వాళ్లని, వంట కాంట్రాక్టు వాళ్లని కూడా వదలను. "మేడమ్, అన్నీ బయో ప్లేట్లే" అని గొప్పగా చెబుతారు. ఆ ప్లేట్లు భోజనాలయ్యాక ఎక్కడికి పోతున్నాయో చూపించమనండి. మండపం వెనక పొగ లేస్తుంటుంది. మోదుగాకు విస్తరి ఎక్కడ పడినా పోతుంది. దిబ్బలో పోతుంది, చేలో పోతుంది, ఆవు తిన్నా పోతుంది. దానికి సర్టిఫికెట్ ఎవరూ అడగరు. అరిటాకులకి మన మహానంది చుట్టుపక్కల కరువా?

మా ఇంట్లో ఏం మారిందో చెప్పి ముగిస్తాను. మొన్న మా మరదలి సీమంతానికి పాత నూలు చీరలు రెండు చింపి, మా అత్త, నేను మిషన్ మీద చిన్న సంచులు కుట్టాం. అన్నిటికీ సరిపోలేదు. మిగతావాళ్లకి తాంబూలం కొంగులోనే పెట్టాం, మన అమ్మలు తీసుకున్నట్టే. ఒకరిద్దరు "ఏందిది, కవర్ కూడా ఇయ్యలేదు" అనుకున్నారని తెలిసింది. అనుకోనీ. దిబ్బ మీద ఇప్పుడు కవర్ పడితే మా అత్త కేకేస్తుంది, అది ఏ రంగుదైనా సరే. తొక్కలు గంపలోనే పోతాయి, ముడేసిన కవర్లో పోవు.

ఆ ఆకుబొమ్మ కవర్‌ని నేను పారేయలేదు. కడిగి, ఆరబెట్టి, వంటింట్లో మేకుకి తగిలించాను. ఎవరన్నా "ఇది మట్టిలో కలిసిపోతుందంట" అని ఏదన్నా తెస్తే, దాన్ని తీసి చేతిలో పెడతాను. కొట్టంలో ఎర్రావు కట్టిన గుంజ ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని కూడా చూపిస్తాను.